తుపాకి ఎవరి భుజానికి సరిపోవాలి?

కుటుంబ పత్రికలో తుపాకి మాటేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. మన పల్లె సంఘాలలో తుపాకి ఉన్న ఇల్లు వెదికినా కనబడదు. అయితే అమెరికాలో కొడుకో కూతురో లేని సంఘము కూడా ఈ రోజుల్లో అరుదే. అక్కడి బిడ్డల కష్టసుఖాలు ఫోనులో ఇక్కడి తలిదండ్రులకు చేరతాయి. వారి ద్వారా ప్రార్థన విన్నపములై మా దగ్గరకు వస్తాయి. అలా ఈ మధ్య ఒకటికి రెండుసార్లు వచ్చిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, మా అల్లుడు ఇంటి కాపుదలకు తుపాకి కొంటానంటున్నాడు. మా అమ్మాయికి దాన్ని చూస్తేనే వణుకు. ఏం చెప్పమంటారు?"

అడిగిన తల్లి సంగతి మరికొంత వివరించింది. అల్లుడు టెక్సాస్ రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. తోటి ఉద్యోగులతో చలికాలంలో బాతుల వేటకు వెళ్లడం అతనికి అలవాటు. మన రైతుకు పలుగు, పార ఎలాగో అతనికి తుపాకి అలాగు. అమ్మాయి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకొని, పెళ్లయి వెళ్లినది. తుపాకిని సినిమాలో తప్ప చూడలేదు. అతడు ఆఫీసు పనిమీద నెలకు వారం రోజులు వేరే ఊళ్లలో ఉంటాడు. ఆ వారం ఇంట్లో ఉండేది ఆమె, ఇద్దరు చిన్నపిల్లలు. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో రాత్రివేళ దొంగలు పడ్డారు. "నేను లేనప్పుడు నీకే కావాలి" అంటూ అతడు ఒకనాడు ఆమెను తీసుకెళ్లి తన వేట తుపాకి చేతికిచ్చాడు. రెండు తూటాలు కాల్చేసరికి భుజం కమిలి నల్లబడింది. మూడవది కాల్చనని ఆమె ఏడ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో తుపాకి మాట ఎత్తితే గొడవే.

విశ్వాసి ఇంట్లో ఆయుధము ఉండవచ్చునా, ఉంటే ఎలాంటిది ఉండాలి అని అందరూ అడుగుతారు. భార్యాభర్తలలో ఒకరికి పని తెలిసి మరొకరికి తెలియనప్పుడు ఎవరిని బట్టి నిర్ణయించాలి? ఇది ఎవరూ అడగరు. అసలు ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

వాక్యములో ఏమున్నది

నిర్గమకాండము 22వ అధ్యాయము 2, 3 వచనములు తెరిచి చూడండి. రాత్రి కన్నము వేస్తూ పట్టుబడిన దొంగ దెబ్బ తగిలి చనిపోతే కొట్టినవాని మీద రక్తాపరాధము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాతనైతే ఉన్నది. ఎందుకీ తేడా? చీకటిలో వచ్చినవాడు సొమ్ముకోసం వచ్చాడో ప్రాణం తీయడానికి వచ్చాడో ఇంటివానికి తెలియదు. పగలైతే తెలుస్తుంది, కేక వేస్తే నలుగురు వస్తారు. సొమ్ముకోసం ప్రాణం తీయకూడదు. ప్రాణం కాపాడుకొనే వేళ మాత్రం దేవుడు ఇంటివానిని నేరస్థునిగా ఎంచలేదు. అమెరికాలో మనిషి ఇల్లే అతని కోట అనే న్యాయసూత్రమొకటి ఉన్నది. చాలా రాష్ట్రాల చట్టాలు దాని మీదనే కట్టబడ్డాయి. టెక్సాస్ 2007లో తన చట్టాన్ని మరింత విస్తరించింది. అయితే చట్టం క్షమించినదంతా దేవుడు క్షమిస్తాడనుకోవడం పొరపాటు. పారిపోతున్న దొంగ వీపు వైపు గురిపెట్టేవాడు మోషే ధర్మశాస్త్రమును చదువుకోలేదన్నమాటే.

ప్రభువు శిష్యుల దగ్గర రెండు కత్తులు ఉన్నట్టు లూకా 22వ అధ్యాయములో చదువుతాము. కొందరు దానిని పట్టుకొని ఆయుధాలకు అనుమతి పత్రం అన్నట్టు బోధిస్తారు. వారు మరికొన్ని వచనాలు ముందుకు వెళ్లాలి. ఆ రాత్రే ఆ కత్తులలో ఒకటి బయటికి వచ్చింది. పేతురు వల విసరడంలో అందెవేసిన చేయి, కత్తి దూయడంలో కాదు. చీకటి, కంగారు, చుట్టూ జనం; తెగినది ప్రధాన యాజకుని దాసుని చెవి. ప్రభువు ముట్టి స్వస్థపరచాడు గనుక సరిపోయింది. తుపాకి గుండు తగిలినచోట ముట్టి బాగుచేసేవారు ఆ ఇంట్లో ఉండరు.

ఇక ఆయుధము అసలే ముట్టకూడదని నమ్మే విశ్వాసులు మన మధ్యనే ఉన్నారు. మహబూబ్‌నగర్ ప్రాంతపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల ఆత్మీయ పితరులు 16వ శతాబ్దమునుండి కత్తి పట్టకూడదని బోధించినవారు. 1889లో రష్యా దేశపు మెన్నొనైట్ సంఘాలనుండి అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు తెలుగువారి మధ్య సేవకు బయలుదేరి నల్గొండలో పనిచేశారు. ఆ దంపతులు వచ్చిన దక్షిణ రష్యా, అంటే నేటి ఉక్రెయిన్, మెన్నొనైట్ ఊళ్లమీద 1918, 1919 సంవత్సరాలలో అంతర్యుద్ధ సమయాన దోపిడి మూకలు పడ్డాయి. తరతరాలుగా ఆయుధము ఎరుగని ఆ రైతుల పిల్లలు తుపాకులు పట్టి కాపలా దళాలు కట్టారు. కొన్ని ఊళ్లు కొంతకాలం నిలిచాయి. తరువాత పగబట్టి వచ్చినవారి చేతిలో ఎందరో హతులయ్యారు. చేసినది సరియా తప్పా అని ఆ సంఘాలు ఎన్నో ఏళ్లు కన్నీటితో చర్చించుకున్నాయి. అంత శ్రమపడినవారే ఒక్కమాట మీదికి రాలేకపోతే, పదివేల మైళ్ల దూరాన కూర్చొని మేము ఆ అల్లునికి "కొను" అనిగాని "కొనవద్దు" అనిగాని ఆజ్ఞ ఇవ్వము. రోమా పత్రిక 14వ అధ్యాయము చెప్పినట్టు ఎవరి మనస్సాక్షి వారికి ఉన్నది. కాని ఆ ఇంట్లో ఉన్నవి రెండు మనస్సాక్షులు. వాటిలో ఒకటి ఏడుస్తున్నది.

ముందు చట్టము చూడండి

అమెరికాలో తుపాకి ఎవరైనా అంగడిలో పప్పు ఉప్పులాగా కొనుక్కోవచ్చుననే అపోహ మనవారిలో ఉన్నది. ఇంటి రక్షణకు తుపాకి ఉంచుకొనే హక్కు వ్యక్తికి ఉన్నదని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తీర్పు చెప్పిన మాట నిజమే. అయితే మనవారిలో చాలామందికి ఆ హక్కు వర్తించదు. హెచ్-1బి, హెచ్-4, విద్యార్థి వీసా, సందర్శక వీసా వంటి తాత్కాలిక వీసాలమీద ఉన్నవారు తుపాకిగాని తూటాగాని కలిగియుండకూడదని 1998నుండి అక్కడి కేంద్ర చట్టము నిషేధిస్తున్నది. రాష్ట్రము ఇచ్చిన వేట లైసెన్సు అమలులో ఉన్నవారికి, మరికొద్దిమందికి మాత్రమే మినహాయింపు. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. దుకాణంలో కొనేటప్పుడు నింపే 4473 నంబరు ఫారములో ఇవన్నీ అడుగుతారు. అబద్ధం వ్రాస్తే జైలు, ఆపైన దేశబహిష్కరణ కూడా రావచ్చు. తనకు నిషేధమున్నది గనుక స్నేహితుని చేత కొనిపించుకుంటే ఇద్దరిదీ నేరమే.

భార్యకు గ్రీన్ కార్డు ఉండి, భర్త ఇంకా వీసామీదనే ఉన్న ఇండ్లూ ఉన్నాయి. అక్కడ తుపాకి ఆమె పేర ఉన్నంత మాత్రాన చాలదు. అతనికి దానిమీద అధీనము ఉన్నదని తేలినా చిక్కే. అలాంటివారు దుకాణానికి వెళ్లేముందు వకీలు దగ్గరకు వెళ్లడం మంచిది. ఆ ఫీజు దండగ కాదు.

ఇక్కడి సంగతి ఒక్కమాట. మన దేశంలో 1959 ఆయుధ చట్టము కింద లైసెన్సు లేకుండా ఏ తుపాకీ ఉంచుకోరాదు. 2019 సవరణ తరువాత సాధారణ లైసెన్సుదారునికి రెండుకంటె ఎక్కువ ఉండకూడదు. ఎన్నికలు వస్తే వాటిని కూడా పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. అడవి పందులకని నాటు తుపాకి చేయించుకొనే సహోదరులుంటే, ఈ వ్యాసం వారికి ధైర్యం చెప్పడానికి కాదు. లైసెన్సు లేని ఆ గొట్టము పందికంటె ముందు పట్టినవాని చేతినే తీసుకుపోతుంది.

సౌలు కవచము

ఇప్పుడు తుపాకి దగ్గరకు వద్దాము. ఇంటి రక్షణకు అమెరికాలో చాలామంది ఎంచుకొనేది షాట్‌గన్, అంటే మనము 12 బోరు అనే వేట తుపాకి జాతిది. ఒక్క తూటాలో ఎన్నో చిన్న గుండ్లు ఉంటాయి. బోరు లెక్క మనకు తలక్రిందులుగా కనబడుతుంది. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌనుకు 12 తూగితే అది 12 బోరు. 20 తూగితే 20 బోరు. గనుక అంకె పెరిగేకొద్దీ గొట్టము సన్నబడుతుంది. పన్నెండుది సుమారు 18.5 మిల్లీమీటర్లు, ఇరవైది 15.6.

అల్లుని చేతిలో ఉన్నది 12 బోరు, బాతుల వేటకు చేసిన పొడవు గొట్టముది. అతడు అనుకున్నదల్లా ఇది: "నాకు బాగా నడిచిన తుపాకి ఆమెకూ నడుస్తుంది." మొదటి సమూయేలు 17వ అధ్యాయములో సౌలు కూడా అలాగే అనుకున్నాడు. ఇశ్రాయేలులో అందరికంటె భుజాలపైకి ఎత్తయిన రాజు తన కవచమును కాపరి పిల్లవానికి తొడిగించాడు. సౌలు దుర్బుద్ధితో చేయలేదు, ప్రేమతోనే చేశాడు. దావీదు వాటితో నడిచి చూచి, తనకు అలవాటు లేదని విప్పివేశాడు. కవచము మంచిదే, ఒళ్లు వేరు.

తుపాకిని భుజానికి ఆనించే చెక్క భాగాన్ని మడమ అంటాము. మడమ చివరనుండి ట్రిగ్గరు వరకు ఉండే కొలత పెద్దవారి తుపాకులలో సుమారు 14 అంగుళాలు. పొట్టి చేతులవారికి అది ఎక్కువ. అప్పుడు మడమ భుజపు గుంటలో కూర్చోక చేయి కండమీదికి జారుతుంది. ఒళ్లు వెనక్కి వంగుతుంది. తుపాకి తన్నిన తన్నంతా ఎముకకు తగులుతుంది. ఆ అమ్మాయి భుజము కమిలింది పిరికితనంవల్ల కాదు, ఎక్కువగా ఈ కొలతవల్లనే అయియుంటుంది. 12, 13 అంగుళాల మడమలు, పలకలు చేర్చి తీసి పొడవు మార్చుకొనేవి దుకాణాలలో దొరుకుతాయి. పొట్టి మడమతో పొడుగు మనిషి కాల్చగలడు, కాస్త ఇరుకుగా ఉంటుందంతే. పొడుగు మడమతో పొట్టి మనిషి కాల్చలేదు. గనుక ఇంట్లో ఒకే తుపాకి ఉండాలంటే అది ఇద్దరిలో చిన్న ఒడ్డూ పొడవూ ఉన్నవారి కొలతకు, తక్కువ అనుభవం ఉన్నవారి చేతికి సరిపోవాలి. తెలిసినవాడు సర్దుకోగలడు, తెలియనివారు సర్దుకోలేరు. భార్యతో జ్ఞానము చొప్పున కాపురము చేయమని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో భర్తలకు వ్రాసినది ఇలాంటి చోటనే పనికివస్తుంది. నెలలో ఆ ఒంటరి వారము తుపాకి ఆమె చేతిలో ఉండబోతున్నది గాని అతని చేతిలో కాదు.

బోరు సంగతీ అంతే. 20 బోరు తన్ను 12 బోరుకంటె తక్కువ. ఇంటి నాలుగు గోడల దూరానికి దాని బలము చాలినంత ఉన్నది. ఒక్క మెలిక ఉన్నది. తేలికగా ఉంటుందని మరీ బరువు తక్కువ తుపాకి కొంటే అది ఇంకా గట్టిగా తన్నుతుంది. బరువే తన్నును మింగేది. 12 బోరే ఉంచుకొని తక్కువ మందు వేసిన మెత్తని తూటాలు వాడేవారూ ఉన్నారు. ఆ నిర్ణయము అమ్మాయి రెండూ కాల్చి చూచిన తరువాత చేయవలసినది, పుస్తకము చూచి కాదు. .410 అనే ఇంకా సన్నని రకమున్నది. పిల్లలకు నేర్పడానికి మంచిదేగాని తూటాలో పట్టే గుండ్లు తక్కువ గనుక ఇంటి రక్షణకు మేము రెండవ స్థానమే ఇస్తాము.

ఒక హెచ్చరిక మరువరాదు. ఇంట్లో 12 బోరు తూటాలు, 20 బోరు తూటాలు కలిసి ఉండకూడదు. ఇరవై తూటాను పన్నెండు గొట్టంలో వేస్తే అది జారి మధ్యలో ఇరుక్కుంటుంది. వెనుకనుండి పన్నెండు తూటా పెట్టి కాల్చితే గొట్టము పగిలి ముఖమే పోతుంది. అందుకే 20 బోరు తూటాలకు పసుపు రంగు వేస్తారు. భర్త వేట తుపాకి పన్నెండు, భార్యకు కొన్నది ఇరవై అయితే ఆ తూటాలు వేరువేరు గదులలో, వేరు తాళాల కింద ఉండాలి. చీకట్లో రంగు కనబడదు.

పంప్ రకమా, తనంతట తానే తూటా ఎక్కించుకొనే సెమీ ఆటోమేటిక్ రకమా అని మగవారు గంటలు గంటలు వాదించుకుంటారు. పంప్‌లో ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తేనే రెండవ తూటా ఎక్కుతుంది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870, ఆ తరువాత పదేళ్లకు వచ్చిన మాస్‌బర్గ్ 500 ఈ రకమే, చవక, గట్టివి. కాని భయంతో ఉన్న చేయి పిడిని పూర్తిగా లాగదు, సగములో ఆపుతుంది. అక్కడ తూటా ఇరుక్కుంటుంది. అలవాటు ఉన్నవానికి ఇది సమస్యే కాదు, లేనివారికి ఇదే సమస్య. కాల్చిన వాయువుతో నడిచే సెమీ ఆటోమేటిక్ రకములో ఈ లాగుడు లేదు, తన్ను కూడా మెత్తబడుతుంది. ధర మాత్రం ఎక్కువ, శుభ్రత కోరుతుంది. సేఫ్టీ మీట ఎక్కడున్నదో కూడా చూడాలి. రెమింగ్టన్‌కు ట్రిగ్గరు వెనుక పక్కకు నొక్కేది, మాస్‌బర్గ్‌కు పైన బొటనవేలికి అందేది. ఎడమచేతి వాటము గలవారికి పైన ఉన్నదే సులువు. గొట్టము 18 అంగుళాలకు తగ్గకూడదని 1934 చట్టము. ఆ పొడవే ఇంటి మూలలలో తిప్పడానికి అనువు.

షాట్‌గన్‌కు గురి అక్కరలేదు, అటు తిప్పి కాల్చితే చాలు, శబ్దానికే దొంగ పారిపోతాడు అని చెప్పేవారి మాట నమ్మవద్దు. గదిలో ఆ చివరనుండి ఈ చివరకు గుండ్లు విచ్చుకొనేది అరచేయంత వెడల్పే. గురి తప్పితే అంతా తప్పినట్టే. తప్పినవి ఎక్కడికి వెళ్తాయి? మన ఇటుక గోడలు, మట్టి గోడలు మనసులో పెట్టుకొని ఆలోచించకండి. అక్కడి ఇండ్లలో లోపలి గోడలు కర్ర చట్రానికి రెండువైపులా అరంగుళపు జిప్సం పలకలు కొట్టినవి. మనము ఎల్.జి., ఎస్.జి. అని పిలిచే పెద్ద గుండ్ల తూటాలవంటి వాటిని అక్కడ బక్‌షాట్ అంటారు. అవి అలాంటి గోడలు ఒకటి రెండు కాదు, మరిన్ని కూడా దాటిపోతాయి. అవతలి గదిలో పసిబిడ్డ మంచము ఉండవచ్చు. పిట్టలను కొట్టే సన్న రవ్వ అంత దూరం పోదుగాని మనిషిని నిలువరిస్తుందన్న నమ్మకము లేదు. గనుక ఏ తూటా అనే ప్రశ్నకంటె ముందు ఏ మూల నిలబడి, ఏ గోడ వైపు చూస్తాము అనేది తేల్చుకోవాలి. పిల్లలను ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసి, మంచము వెనుక కూర్చొని, 911కు ఫోను చేసి, వచ్చేవారు వచ్చేవరకు కదలకుండా ఉండడమే ఆ అమ్మాయికి తగిన పథకము. దొంగను వెదకుతూ ఇల్లంతా తిరగడం పోలీసులు జట్టుగా చేసే పని.

నేర్పేవారెవరు అనేదానిలో మాకు గట్టి అభిప్రాయమున్నది. భర్త నేర్పకూడదు. భార్యకు స్కూటరు నేర్పబోయి మూడు రోజులు మాటలు మానుకొన్న దంపతులు మన సంఘాలలో ఎందరో. అక్కడ శిక్షకులున్నారు, స్త్రీలకే ప్రత్యేకంగా నేర్పేవారున్నారు. చెవులకు రక్షణ పెట్టుకొని, తేలికపాటి తూటాలతో, రోజుకు పది పదిహేనుకు మించకుండా మొదలుపెట్టాలి. కాల్చడంకంటె ముందు ఖాళీ చేయడం నేర్చుకోవాలి: డమ్మీ తూటాలతో ఎక్కించడం, దించడం, గొట్టము ఖాళీగా ఉన్నదో లేదో కంటితోను వేలితోను చూడడం. ఇది కళ్లు మూసుకొని చేయగలిగినదాకా ఆ తుపాకి ఆమెది కాదు.

ఇంతా నేర్చుకొన్న తరువాత కూడా "నా వల్ల కాదు, నేను మనిషిని కాల్చలేను" అని ఆమె అంటే? ఆ మాటను భర్త పిరికితనమని కొట్టివేయకూడదు. విశ్వాసము లేకుండ చేసినది పాపమని పౌలు అన్నాడు. అప్పుడు ఆ డబ్బు గట్టి తలుపుకు, మూడంగుళాల మరలతో బిగించిన గడియకు, పెరటి దీపాలకు, అలారముకు పెట్టవచ్చు. కుక్క ఉంటే ఇంకా మంచిది. ఊరికి వెళ్లే వారములో సంఘస్థులలో ఒక కుటుంబమును తోడు పడుకోమని అడగవచ్చు. మన పల్లెలలో ఇది అడగకుండానే జరిగేది.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో క్రొత్త ఇల్లు కట్టించుకొన్నవాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టించాలని ఉన్నది. ఎవడైనా పడి చస్తే ఆ రక్తము ఇంటివాని మీదికి వస్తుంది. మిద్దె ఉండడం తప్పు కాదు. పిట్టగోడ లేకపోవడం తప్పు. తుపాకికి పిట్టగోడ తాళము.

2020నుండి అమెరికాలో పిల్లలు, కౌమార వయస్కుల మరణాలకు కారణాలలో తుపాకి మొదటి స్థానానికి వచ్చింది, రోడ్డు ప్రమాదాలను దాటిపోయింది. మరొక సంగతి మన చెవులకు వింతగా ఉంటుంది. ఆ దేశంలో తుపాకివల్ల చనిపోయేవారిలో సగానికి మించి ఆత్మహత్యలే. దొంగకోసం తెచ్చినది ఇంటివారికే తగులుతున్నది. ఇది మన రైతు కుటుంబాలకు వివరించి చెప్పవలసిన పని లేదు. పురుగుమందు డబ్బా పెట్టెలో పెట్టి తాళము వేయమని ఎన్నేళ్లనుండి చెబుతున్నాము? కోపము, నిరాశ ఒక గంట ఉంటాయి. ఆ గంటలో చేతికి అందకపోతే ప్రాణము నిలుస్తుంది. తుపాకి విషయంలో ఆ గంట కూడా అక్కరలేదు. ప్రసవము తరువాత తల్లి మనసు క్రుంగినా, ఉద్యోగము పోయి భర్త మౌనముగా మారినా, ఇంట్లో చేయి చేసుకోవడం మొదలైనా, ఆ తుపాకి ఆనాడే ఇంటినుండి వెళ్లిపోవాలి. కొన్నాళ్లు దాచిపెట్టే దుకాణాలు, పోలీసు స్టేషన్లు కొన్ని చోట్ల ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడవద్దు.

మిగతా రోజులలో తుపాకి ఇనుప పెట్టెలో ఉండాలి. బీరువా వెనుక, పరుపు కింద పెట్టడం దాచడం కాదు. పిల్లలకు తెలియని చోటు ఇంట్లో ఉండదు. వేలిముద్రతోనో అంకెలతోనో రెండు మూడు క్షణాలలో తెరుచుకొనే పెట్టెలు వచ్చాయి గనుక, తాళము వేస్తే అవసరానికి అందదన్న వాదన ఇప్పుడు నిలవదు. పెట్టెలో ఉన్నప్పుడు కూడా గొట్టపు గదిలో తూటా ఉండకూడదు, ఎందుకంటే చాలా షాట్‌గన్లు కింద పడినప్పుడు వాటంతట అవే పేలే అవకాశమున్నది. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు నింపిన తుపాకి అందేలా వదలితే నేరము కూడ. పెట్టె తెరిచే అంకెలు భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. ఒక్కరికే తెలిసిన తాళము ఆ ఒంటరి వారములో ఎందుకు పనికివస్తుంది?

చివరగా, మన పాఠకులలో చాలామందికి నేరుగా తగిలే సంగతి. కాన్పులకని, మనుమల ఆలనకని ఏటా మన సంఘాలనుండి అమ్మలు, నాన్నలు, అత్తమామలు ఆరునెలలకు అమెరికా వెళ్తున్నారు. సందర్శక వీసామీద వెళ్లినవారికి ఆ తుపాకి ముట్టుకొనే హక్కు లేదు. పెట్టె అంకెలు వారికి తెలియకూడదు. వెళ్లిన మొదటి సాయంత్రమే "బాబూ, ఇంట్లో తుపాకి ఉన్నదా? ఎక్కడ పెట్టారు, తాళము వేశారా?" అని అడగండి. అల్లుణ్ణి అడగడానికి మొహమాటపడవద్దు. మనుమడు ఆడుకోవడానికి వెళ్లే పక్కింటివారిని కూడా అడగమని కూతురికి చెప్పండి.

ఇంకొకటి. అక్కడికి వెళ్లిన మొదటి పది రోజులు మనకు పగలూ రాత్రీ తారుమారవుతాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. నాన్నగారు మెల్లగా మెట్లు దిగి వంటింట్లో మంచినీళ్లు తాగి, కిటికీ దగ్గర ప్రార్థన చేసుకుంటారు. పై గదిలో ఒంటరిగా ఉన్న కూతురికి, కోడలికి వినబడేది చీకట్లో అడుగుల చప్పుడు. తుపాకి ఉన్న ఇంట్లో పెట్టె మీద చేయి వేయకముందే గట్టిగా "నాన్నా, మీరేనా?" అని పిలిచి జవాబు కోసం ఆగడం ఇద్దరూ ముందుగానే అలవాటు చేసుకోవాలి. దీపము వేసి, మనిషి ముఖము చూడకుండా గురిపెట్టకూడదని శిక్షకులు చెప్పే మొదటి పాఠమూ ఇదే. ప్రయాణమయ్యే పెద్దలు కూడ రాత్రి లేచినప్పుడు దీపము వేసుకొని, చప్పుడు చేస్తూనే నడవాలి. మెట్ల దగ్గర రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి పెట్టించుకోండి.